చిలకల చేలో తాత గొంతు

డిస్కు గిర్రున తిరుగుతోంది. లాప్‌టాప్ ముందు ఫరీన్ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. తెర మీద ఆకుపచ్చ గీత నత్తలా పాకుతోంది.

"అమ్మా, ఇంగా సగం కూడా కాలేదు!" అని అరిచింది.

"నువ్వు కళ్ళు పెద్దవి చేసి చూస్తే అది పరిగెత్తుతుందా? వచ్చి రెండు ముద్దలు తిను," అంది అమ్మ వంటింట్లోంచి.

ఫరీన్ కదల్లేదు. దసరా సెలవులు ఇచ్చినప్పటినుంచి ఆమెకు ఇదే పని.

హిందూపురంలోని ఆ ఇంట్లో ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. దాని నిండా డిస్కులే. షాహిస్తా అత్త పెండ్లి వీడియో, అమ్మకు ఇష్టమైన పాటలు, ఫరీన్ మొదటి పుట్టినరోజు, ఇంకా ఏవేవో. వాటిని చూపించే ప్లేయర్ పోయిన ఏడాదే మూలపడింది. బాగుచేయించడానికి తీసుకుపోతే షాపతను మూత కూడా తెరవలేదు. "దీనికి ఇప్పుడు సామాను దొరకదన్నా," అని వెనక్కి ఇచ్చేశాడు.

ఫరీన్ వాళ్ళ నాయన యూనస్‌కి మైక్ సెట్ల షాపు ఉంది. ఆయన ఒక హార్డ్ డిస్కు కొనుక్కొచ్చాడు. అది అరచేయంతే ఉంది.

"డబ్బాలో ఉండేదంతా దీంట్లోకి ఎక్కిద్దాం. టీవీకి తగిలిస్తే చాలు, ఏది కావాలంటే అది చూడొచ్చు," అన్నాడు.

షాపులో వాడే డిస్కు డ్రైవు కూడా తెచ్చి లాప్‌టాప్‌కి పెట్టాడు. పాటల డిస్కు ఒకటి వేసి ఫరీన్‌కు నేర్పించాడు.

"తెరువు. అన్నీ సెలెక్ట్ చెయ్. కాపీ కొట్టు. హార్డ్ డిస్కులోకొచ్చి పేస్ట్ కొట్టు. అయినాక ఒకటి రెండు తెరిచి చూసుకో. అంతే."

"అంతేనా? ఇది మా స్కూల్లోనే చెప్పినారు," అంది ఫరీన్.

"అట్లయితే ఇంగ నువ్వే పెద్ద ఇంజనీరు. పని నీదే," అని నవ్వాడు నాయన. మరుసటి రోజు నుంచి దసరా పందిళ్ళకు మైకులు కట్టడానికి సోమందేపల్లికి పోతున్నాడు.

ఇంట్లో జమ్రూద్ అవ్వ కూడా లేదు. ధర్మవరంలో షాహిస్తా అత్తకు పాప పుట్టింది. బిడ్డకు నీళ్ళు పోయడానికి అవ్వ అక్కడికి పోయింది. పోయే రోజు సంచి సర్దుకుని, చెప్పులు కూడా వేసుకుని, మళ్ళీ విప్పి లోపలికి వచ్చింది. రేకు డబ్బా తెరిచి ఒక డిస్కు బయటికి తీసింది.

అవ్వకు చదువు రాదు. కానీ ఆ డిస్కును ఎప్పుడూ తప్పుగా తీయదు. దాని నడిమి చిల్లు పక్కన ఆకుపచ్చ చుక్క ఉంటుంది. అది ఫరీన్ నెయిల్ పాలిష్‌తో పెట్టిన చుక్క.

"దీంట్లో మీ తాత ఉండాడు తల్లీ. నేనొచ్చేలోపల ఆయన్ను టీవీలోకి ఎక్కించు. గొంతు విని సమ్మచ్చరం అయింది," అంది అవ్వ.

"ఎక్కిస్తాలే అవ్వా. నువ్వు రైలు ఎక్కు ముందు!" అంది ఫరీన్.

తాత మొహిద్దీన్ సాబ్‌ను ఫరీన్ చూడలేదు. ఆమె పుట్టక ముందే ఆయన పోయాడు. అప్పట్లో వాళ్ళది పెనుకొండ. అక్కడ దర్గాలో ఉరుసు జరిగితే మైకు తాతదే. రాత్రి ఖవ్వాలీ పాడేవాళ్ళను రికార్డు చేయడానికి టేపు పెట్టేవాడు. ఆ టేపులో పాటలతోపాటు తాత చెప్పే మాటలు కూడా పడిపోయాయి. టేపులన్నీ బూజు పట్టి పాడయ్యాయి. ఒక్కటి మాత్రం చెడకముందే నాయన డిస్కు చేయించాడు. ఇప్పుడు తాత గొంతు ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే.

పెండ్లి వీడియో కాపీ అయ్యేసరికి ఫరీన్ అన్నం తినేసి, చేయి కడుక్కుని, పక్కింటి పిల్లితో కాసేపు ఆడుకుని కూడా వచ్చింది. తర్వాత ఆకుపచ్చ చుక్క డిస్కు పెట్టింది. సెలెక్ట్. కాపీ. పేస్ట్.

ఆకుపచ్చ గీత కనిపించనే లేదు. కన్ను మూసి తెరిచేలోపల పని అయిపోయింది.

"అరే!" అంది ఫరీన్. "ఇంత తొందరగానా?"

నాయనను అడగాలేమో అని ఒక ఆలోచన వచ్చింది. ఈగలా ముక్కు మీద వాలింది. ఫరీన్ దాన్ని తోలేసింది. కాపీ అయిన వాటిలో ఒకటి నొక్కి చూసింది. స్పీకర్లో కరకరమని చప్పుడు వచ్చింది. తర్వాత, "హలో... హలో..." అని తాత గొంతు.

"అమ్మా! తాత వచ్చేసినాడు! అందరికన్నా మా తాతే ఫాస్ట్!" అని ఫరీన్ గంతులు వేసింది. డిస్కు బయటికి తీసి డబ్బాలో పెట్టేసింది.

డబ్బా పని అయిపోయింది.

సాయంత్రం వాకిట్లో మోపెడ్ ఆగిన చప్పుడైంది. వచ్చింది ఎర్రిస్వామి మామ. నాయనకు స్నేహితుడు, పరిగి దగ్గర సేద్యం చేస్తాడు. సంతకు వచ్చినప్పుడల్లా ఒకసారి వాళ్ళింట్లో తొంగిచూసి పోతాడు.

"మీ నాయన లేడా తల్లీ?"

"సోమందేపల్లిలో ఉండాడు మామా. అమ్మ నమాజు చేసుకుంటాండాది. కూర్చో."

"కూర్చుంటే చిలకలు ఊరుకోవు," అన్నాడు మామ, తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ. "పొద్దుతిరుగుడు పువ్వు నిండా గింజ పట్టింది. పొద్దున లేస్తే చిలకల దండు దిగుతాది. అరిస్తే లేస్తాయి, తిరగంగానే వాల్తాయి. నన్ను చూసి నవ్వుతాండాయేమో అని నాకు అనుమానం. పాత డిస్కులుంటే ఇయ్యప్పా, దారాలకు కట్టి వేలాడదీస్తా, ఎండకు తళతళమంటే బెదురుతాయి అని మీ నాయన్ను అడిగింటి. చూద్దాంలే అన్నాడు."

ఫరీన్ ఒళ్ళు పొంగిపోయింది. ఇంత పెద్ద మామకు తను సాయం చేయవచ్చు! లోపలికి పరిగెత్తి డబ్బా తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"అన్నీ ఎత్తుకో మామా."

"అన్నీనా? మీ నాయన్ను అడుగు తల్లీ ముందు."

"ఎందుకు మామా? అన్నీ కాపీ అయిపోయినాయి. నేనే చేసినా. ఇంగ ఇవి ఉత్త రేకులే!"

మామ కాసేపు డబ్బా వైపు చూశాడు. తర్వాత ఆమె మొహంలో సంతోషం చూసి నవ్వాడు. డిస్కులు సంచిలో పోసుకుని, ఖాళీ డబ్బా నిండా పచ్చి చెనక్కాయలు పోసి ఇచ్చాడు.

అమ్మ నమాజు చాప మడిచి వచ్చేసరికి మోపెడ్ వీధి మలుపు తిరిగింది. ఫరీన్ చెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

"ఇవి యాడివే?"

"ఎర్రిస్వామి మామ ఇచ్చినాడు," అంది ఫరీన్. ఎందుకు ఇచ్చాడో చెప్పలేదు. అమ్మ అడగలేదు, ఉడకబెట్టడానికి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

శనివారం మధ్యాహ్నం అవ్వ ఫోన్ చేసింది. వెనక పాప కేరుమంటోంది.

"ఫరీన్, మీ తాత టీవీలోకి ఎక్కినాడా?"

"ఎప్పుడో ఎక్కినాడు అవ్వా!"

"అయితే ఒగసారి ఫోన్లో వినిపించు బంగారూ. ఈ పాపకు కూడా వినిపిస్తా. వాళ్ళ తాత గొంతు ఎట్లుంటాదో తెలుసుకోనీ."

"ఉండవ్వా, ఒక్క నిమిషం!"

ఫరీన్ ఫోన్ టీవీ పక్కన పెట్టింది. హార్డ్ డిస్కు తగిలించింది. రిమోట్‌తో 'తాత' అని తను పేరు పెట్టిన ఫోల్డర్ తెరిచింది. మొదటిది నొక్కింది.

టీవీ నల్లగా చూసింది. తర్వాత, 'ఈ ఫైలు ప్లే కాదు' అని చెప్పింది.

రెండోది నొక్కింది. అదే మాట. మూడోది. అదే మాట.

 ఫరీన్ హార్డ్ డిస్కు పీకి లాప్‌టాప్‌కి పెట్టింది. అక్కడా రాలేదు.

"ఏమైందే? గొంతు రాలేదే," ఫోన్లో అవ్వ.

"అవ్వా... అవ్వా, కరెంటు పోయింది!"

సరిగ్గా అప్పుడే వంటింట్లో అమ్మ చట్నీకి మిక్సీ వేసింది. గర్రర్రర్ అని ఇల్లంతా మోగింది.

మిక్సీ ఆగింది.

"మీ మిక్సీ కరెంటు లేకుండానే ఆడతాదా తల్లీ?" అంది అవ్వ. గొంతులో కోపం లేదు. "సరేలే. రేపు వస్తాండా కదా. వచ్చి తీరిగ్గా కూర్చోని వింటా."

ఫోన్ పెట్టేసింది.

ఫరీన్ అక్కడే కూలబడింది. అవ్వ రేపే వస్తుంది. కాళ్ళు కడుక్కుని టీవీ ముందు కూర్చుంటుంది. అప్పుడేమి వినిపించాలి?

హార్డ్ డిస్కు చెడిపోయిందని చెప్తే? అది నా తప్పు కాదు కదా అనిపించింది. కానీ అత్త పెండ్లి నొక్కితే చక్కగా వస్తోంది. పుట్టినరోజు వస్తోంది. తాత ఒక్కడే రాలేదు.

కాసేపటికి నాయన ఆంప్లిఫయర్ ఒకటి తీసుకుపోవడానికి ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పేలోపలే ఫరీన్ ఎదురు పోయింది.

"నాయనా, తాత ప్లే కావడంలే."

యూనస్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఫోల్డర్ చూశాడు. ఒక్క చూపుతోనే ఆయనకు తెలిసిపోయింది.

"అయ్యో, ఇది నా తప్పమ్మా. తాత డిస్కు వేరే రకమని నీకు చెప్పనేలే," అన్నాడు. "ఇవి పాటలు కాదు. పాట డిస్కులో యాడుండాదో చెప్పే చీటీలు. ఇట్ల చెప్తా విను. ఇంట్లో మనిషిని పిలుచుకొని రమ్మంటే, నువ్వు ఇంటి అడ్రస్సు రాసుకొని వచ్చినావు."

"కానీ నేను విని చూసినా! తాత హలో అన్నాడు!"

"అప్పుడు డిస్కు డ్రైవులోనే ఉండాది కదా?"

ఫరీన్ ఆలోచించింది. ఉంది. డిస్కు లోపలే ఉంది.

"అదీ సంగతి. చీటీ చూసి అది ఆ డిస్కులో నుంచే పాడింది. దీన్ని కాపీ చేసే పద్ధతి వేరే ఉండాది. కొంచెంసేపు పడతాది, అంతే. డిస్కు పట్రాపో."

ఫరీన్ కదల్లేదు.

"డిస్కు యాడుండాది?"

"పరిగిలో."

"పరిగిలోనా? పరిగిలో ఏముండాది?"

"చిలకలు," అంది ఫరీన్. అని ఏడ్చేసింది.

ఏడుపు మధ్యలోనే అంతా చెప్పింది. మామ రావడం, డబ్బా ఇవ్వడం, ఆయన అడుగు అన్నా తను అడగకపోవడం. అది తొందరగా కాపీ అయినప్పుడు అనుమానం వచ్చిన సంగతి కూడా చెప్పింది. కరెంటు సంగతి కూడా.

నాయన అరుస్తాడనుకుంది. ఆయన అరవలేదు. లాప్‌టాప్ మూత మీద చేయి పెట్టుకుని అట్లే కూర్చున్నాడు.  అరిచినా బాగుండేది అనుకుంది ఫరీన్.

తర్వాత ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

"పా. పొద్దు ఉండంగానే పోదాం," అన్నాడు.

పరిగి రోడ్డు మీద బండి పోతోంది. ఫరీన్ నాయన నడుము గట్టిగా పట్టుకుంది.

ఎర్రిస్వామి మామ చేను దూరం నుంచే తెలిసిపోయింది. పసుపు పువ్వుల మీద వెలుగు చుక్కలు ఎగురుతున్నాయి. కర్రలు నాటి, వాటి మధ్య దారాలు లాగి, దారాల నిండా డిస్కులు కట్టాడు మామ. గాలికి అవి గిరగిర తిరుగుతూ ఎండను నలువైపులా విసురుతున్నాయి.

"ఏమబ్బా యూనస్, ఇంత ఎండలో?" మామ గట్టు దిగి వచ్చాడు. సంగతి విని నోటి మీద చేయి పెట్టుకున్నాడు. "అయ్యో, అయ్యో! నేను మల్లొకసారి అడగాల్సింది. పిల్ల ఉత్సాహంగా ఇస్తాంటే కాదనలేకపోతి."

"నువ్వు అడిగినావు మామా. నేనే అడగలేదు," అంది ఫరీన్.

ముగ్గురూ వెతకడం మొదలుపెట్టారు. డిస్కులన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. చుక్క కనిపించాలంటే ఒక్కోదాన్ని ఆపి, తిప్పి చూడాలి. ఎండ కంట్లో పొడుస్తోంది. పొద్దుతిరుగుడు ఆకులు చేతులకు గరగర గీసుకుంటున్నాయి.

ఒక డిస్కు మీద ఫోటో ఉంది. పూలదండల మధ్య షాహిస్తా అత్త.

"నాయనా, ఇది అత్త పెండ్లి. అత్తను కూడా అడగలేదు నేను."

నాయన ఫోన్ తీసి అత్తకు కలిపి ఫరీన్ చేతికి ఇచ్చాడు. "నువ్వే అడుగు."

ఫరీన్ గొంతు సవరించుకుంది. "అత్తా, అవ్వ పక్కనుంటే దూరంగా రా. నీ పెండ్లి డిస్కు చేలో కట్టినాం. చిలకలు రాకుండా."

"ఏమి? నా పెండ్లి డిస్కా? చిలకలకా?" అత్త గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గింది. "ఆ పెండ్లిలో మా ఆయన మీసాలు చూస్తే చిలకలేమి, గద్దలు కూడా పారిపోతాయి! కాపీ ఉండాది కదా?"

"ఉండాది అత్తా. టీవీలో చూసినా."

"అయితే ఉండనీ. కానీ అడిగినావు చూడు, అది బాగుండాది."

ఫరీన్ డిస్కును మళ్ళీ దారానికి కట్టేసింది. మనసు కొంచెం తేలికపడింది. కానీ ఆకుపచ్చ చుక్క ఇంకా దొరకలేదు.

మామ చివరి గట్టు వైపు చేయి చూపించాడు. "ఆడొకటి మిగిలింది. దానితో నాకు లాభమే లేదు. చిలకలు దాన్ని చూసి బెదరడం అట్లుంచు, దాని పక్కనే వాలి గింజలు తింటాండాయి."

ఫరీన్ పరిగెత్తింది. చివరి కర్రకు ఒక డిస్కు వేలాడుతోంది. గాలి వచ్చినప్పుడల్లా కర్రకు టక్, టక్ అని కొట్టుకుంటోంది. పట్టుకుని తిప్పింది.

నడిమి చిల్లు పక్కన ఆకుపచ్చ చుక్క.

"దొరికింది నాయనా!"

దుమ్ము తుడుద్దామని చున్నీ కొంగు పట్టుకుంది. నాయన చేయి ఆపాడు. డిస్కు అంచు పొడుగునా గీతలు పడి ఉన్నాయి. కర్రకు కొట్టుకుని కొట్టుకుని పడిన గీతలు.

"వట్టి గుడ్డతో రుద్దితే ఇంగా గీసుకుంటాది. ఇంటికి పోయి నీళ్ళతో కడుగుదాం," అన్నాడు. డిస్కును తన చొక్కా జేబులో పెట్టుకోకుండా ఫరీన్ చేతికే ఇచ్చాడు. హిందూపురం చేరేవరకూ ఆమె దాన్ని అంచులతో పట్టుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చి డిస్కును నీళ్ళ కింద కడిగారు. మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకు, నడిమి నుంచి అంచుకు తుడిచారు. నాయన ఈసారి వేరే పద్ధతి చూపించాడు. ఆకుపచ్చ గీత నెమ్మదిగా పాకింది. ఫరీన్‌కు ఆ నత్త నడక ఇప్పుడు ఎంతో ముద్దుగా అనిపించింది.

ఒకటి అయింది. రెండు అయింది. అట్లా అన్నీ అవుతూ వచ్చాయి. చివరిదాని దగ్గర డ్రైవు కీచుమంది. గీత ఆగిపోయింది. మళ్ళీ కడిగారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అక్కడే ఆగింది.

"అంచులో ఉండేది ఇదే. గీతలు పడింది కూడా ఆడనే," అన్నాడు నాయన మెల్లగా. "ఇంగ రాదు తల్లీ."

"అది ఏది నాయనా?"

"ఉరుసు అయిపోయినాక మీ తాత మైకు బంద్ చేస్తూ చెప్పే మాట."

ఫరీన్ కళ్ళు తుడుచుకుంది. "అవ్వకు నువ్వు చెప్పొద్దు. నేనే చెప్తా," అంది.

ఆదివారం పది గంటల రైలుకు అవ్వ దిగింది. ఇంటికి వచ్చి సంచి దించిందో లేదో, ఫరీన్ ఎదురుగా నిలబడింది.

"అవ్వా, నిన్న కరెంటు పోలేదు."

"తెలుసులే. మిక్సీ చెప్పింది."

"ఇంగా ఉండాది అవ్వా," అని ఫరీన్ అంతా చెప్పింది. చివరి మాట పోయిందని కూడా చెప్పింది. డిస్కును అవ్వ ముందు పెట్టింది.

అవ్వ డిస్కును చేతిలోకి తీసుకుంది. అంచున ఉన్న గీతల మీద వేలు పెట్టి నిమిరింది.  కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"దీన్ని చూసి చిలకలు బెదిరినాయా?" అని అడిగింది చివరికి.

"లేదవ్వా. దీని పక్కనే కూర్చోని గింజలు తింటాండాయంట."

 అవ్వ ఫక్కున నవ్వింది. "ఇంగేం బెదురుతాయి! మీ తాతను చూసి ఈ లోకంలో ఎవురూ బెదరలేదు. కోడిపిల్ల కూడా బెదరలేదు!"

ఫరీన్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అవ్వ కాళ్ళు కడుక్కుని టీవీ ముందు కూర్చుంది. డిస్కు పక్కన పెట్టబోతే ఫరీన్ ఆపింది.

"పెట్టొద్దు అవ్వా. గట్టిగా పట్టుకో. డిస్కు నీ చేతిలో ఉండాల, తాత టీవీలో రావాల. అప్పుడే కాపీ అయినట్టు."

రిమోట్ నొక్కింది. కరకరమని చప్పుడు. దూరంగా జనం గోల. బూరల మోత.

"హలో... హలో... అందరికీ ఒక మనవి. పిల్లోడు ఒకడు తప్పిపోయినాడు. పేరు యూనస్. నీలం చొక్కా తొడుక్కోనుండాడు. చేతిలో బూర ఉంటాది. చూసినోళ్ళు మైకు కాడికి పిలుచుకొని రావల్ల."

కాసేపు గరగర. తర్వాత అదే గొంతు, మైకుకు బాగా దగ్గరగా, మెత్తగా:

"ఒరే యూనస్... యాడుండావు నాయనా? కొట్టనులేరా. మీ అమ్మ ఏడుస్తాండాది. రా, రా..."

మిద్దె మీద వైర్లు చుడుతున్న నాయనకు ఆ పిలుపు వినిపించింది.

"వస్తాండా నాయనా!" అని పైనుంచి కేక వేశాడు. తర్వాత తనే నవ్వుకుంటూ మెట్లు దిగి వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాడు.

"యాడుండినావు నాయనా అప్పుడు?" అంది ఫరీన్.

"మైకు పెట్టిన టేబుల్ కిందనే. నిద్రపోయింటి," అన్నాడు నాయన.

"ఊరంతా వెతికిచ్చినాడు నాతో. కాళ్ళు బొబ్బలెక్కినాయి," అని అవ్వ కొడుకు భుజం మీద ఒక్కటి వేసింది.

ఒకటి తర్వాత ఒకటి అన్నీ విన్నారు. చివరిది రాలేదు. టీవీ మౌనంగా ఉండిపోయింది. ఫరీన్ తల దించుకుంది.

"ఎందుకు మొహం అట్ల పెట్టినావు? ఆ మాట నాకు తెలీదా ఏమి?" అంది అవ్వ. "ప్రతి ఉరుసులోనూ వింటి. నిద్రలో లేపి అడిగినా చెప్తా."

ఫరీన్ తల ఎత్తింది. "చెప్తావా అవ్వా? ఫోన్లో రికార్డు చేసుకోనా?"

"నా గొంతా? కాకి గొంతు నాది!"

"చెప్పవ్వా."

ఫరీన్ అమ్మ ఫోన్ తెచ్చి పట్టుకుంది. అవ్వ కొంగు సర్దుకుంది. నిటారుగా కూర్చుంది. ఎదుట నిజంగా మైకు ఉన్నట్టు ఒకసారి ఉఫ్, ఉఫ్ అని ఊదింది. చెప్పింది.

ఫరీన్ దాన్ని హార్డ్ డిస్కులోకి ఎక్కించి, తాత ఫోల్డర్‌లో చివర పెట్టింది. ఎక్కించడం అయిందని తెర చెప్పింది. ఆమె ఆ మాట నమ్మి ఊరుకోలేదు. ఫోన్ స్విచ్ ఆపేసి అవ్వ రెండో చేతిలో పెట్టింది. అప్పుడు రిమోట్ నొక్కింది.

"అందరూ జాగ్రత్తగా ఇండ్లకు పొండి. చెప్పులు ఎవురివి వాళ్ళు చూసుకోండి. పిల్లోళ్ళను లెక్క పెట్టుకోండి. మైకు బంద్ చేస్తాండాం."

"అబ్బా, ఎవురే అది? అచ్చం నా మాదిరే ఉండాది!" అంది అవ్వ.

అందరూ నవ్వారు. అవ్వ డిస్కునూ ఫోన్‌నూ ఒళ్ళో పెట్టుకుంది. ఖాళీ అయిన చేయి ఫరీన్ నెత్తి మీద పెట్టింది.

"ఒగటి," అంది.

ఇంకో చేయి నాయన నెత్తి మీద పెట్టింది.

"రెండు. సరిపోయినారు. ఇంగ మైకు బంద్ చెయ్ తల్లీ."